లీచెస్‌లో కాపలా ఎవరిది? ఒక టీమ్ లీడరు సమీక్ష

పిల్లలకు చదరంగం నేర్పిస్తున్న తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "మాస్టారూ, ఆన్‌లైన్‌లో ఆడించాలంటే ఎక్కడ ఆడించమంటారు?" నాలుగేళ్లుగా నేను చెబుతున్న జవాబు లీచెస్. బోర్డు ఎంత బాగుంటుందో, పజిల్స్ ఎన్ని ఉంటాయో ఇప్పటికే చాలామంది రాశారు కనుక ఈ సమీక్షలో నేను ఒక్క విషయానికే కట్టుబడి ఉంటాను. అక్కడ ఆటగాళ్లే తోటి ఆటగాళ్లకు కాపలా కాస్తుంటారు; ఆ కాపలా ఎలా నడుస్తుంది, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అన్నదే ఆ విషయం. ఈ ప్రశ్న నాకు ఊరికే తట్టింది కాదు. రాజమహేంద్రవరంలో మా వీధి పిల్లలు, హైదరాబాదులో ఉన్న వాళ్ల బంధువుల పిల్లలు, డల్లాస్ నుంచి చేరిన ఒక అమ్మాయి, అందరూ కలిసి ఆదివారం సాయంత్రం ఏడున్నరకు ఆడుకునే ఒక చిన్న టీమ్‌కు నేను లీడరును. అంటే జీతమూ శిక్షణా లేకుండా, ఎవరూ నియమించకుండానే ఆ కాపలా ఉద్యోగంలో చేరినవాణ్ని.

తెలియనివారి కోసం ముందుగా రెండు ముక్కలు. తీబో డ్యుప్లెసీ అనే ఫ్రెంచి ప్రోగ్రామరు 2010లో మొదలుపెట్టిన ఈ సైటును ఇప్పుడు ఫ్రాన్సులో నమోదైన ఒక లాభాపేక్ష లేని సంఘం నడుపుతోంది. ప్రకటనలు ఉండవు, డబ్బు కట్టినవారికి మాత్రమే దొరికే సౌకర్యం అంటూ ఏదీ ఉండదు. విరాళం ఇచ్చినవారికి పేరు పక్కన ఒక చిన్న రెక్క బొమ్మ వస్తుంది, అంతే. ఖర్చుల లెక్కను, సైటు నడిచే కోడును ఎవరైనా చూడవచ్చు. ఆ కోడుకు వాళ్లు పెట్టుకున్న పేరు 'లీల' అని తెలిసినప్పుడు నాకు భలే ముచ్చట వేసింది. అది స్కాలా అనే ప్రోగ్రామింగ్ భాష పేరునూ లీచెస్ పేరునూ కలిపి చేసిన మాటే గాని మన లీల కాదు. మన పిల్లలు చాలామంది 'లైచెస్' అంటారు గాని, సరైన ఉచ్చారణ 'లీచెస్' అని సైటులోనే రాసి ఉంటుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఎదుటివాడు కంప్యూటరు సాయంతో ఆడుతున్నాడనో, రేటింగు (ఆటగాడి బలాన్ని చెప్పే అంకె) తగ్గించుకోవడానికి కావాలని ఓడిపోతున్నాడనో, చాట్‌లో తిడుతున్నాడనో అనుమానం కలిగితే ఏ ఆటగాడైనా రిపోర్టు పెట్టవచ్చు. ఈ రిపోర్టు ఫారమే లీచెస్‌లో నాకు అన్నింటికన్నా నచ్చిన భాగం. ముందు కారణం ఎంచుకోవాలి, ఆట లింకు ఇవ్వాలి, ఆ తర్వాత వివరణ రాయాలి. "మోసం చేస్తున్నాడు" అని రాసి ఊరుకోవద్దు, ఆ నిర్ణయానికి ఎలా వచ్చారో చెప్పండి అని ఫారం అడుగుతుంది. చిన్న మాటే అయినా దాని ప్రభావం పెద్దది. ఓడిపోయిన కోపంలో ఉన్న మనిషిని ఆపి, కారణం రాయమంటే, సగం కోపం అక్కడే చల్లారుతుంది. మా టీమ్‌లో ఒక అబ్బాయి రిపోర్టు రాయడానికి కూర్చుని, ఆటను మళ్లీ చూసి, "మాస్టారూ, వాడు కాదు, నేనే గుర్రాన్ని ఊరికే ఇచ్చేశాను" అని ఫారం మూసేయడం నేను కళ్లారా చూశాను.

రిపోర్టు వెళ్లాక ఏమవుతుందన్నది కూడా కోడు బహిరంగంగా ఉండబట్టి కొంతవరకు తెలుస్తుంది. ఒక ఆటగాడు గతంలో పెట్టిన రిపోర్టుల్లో ఎన్ని నిజమని తేలాయో లెక్క ఉంటుంది. దాన్ని బట్టి అతను కొత్తగా పెట్టే రిపోర్టుకు బరువు పెరుగుతుంది, తరుగుతుంది. నాన్నా పులి కథలోని కుర్రవాడి అరుపును ఊరు పట్టించుకోవడం మానేసినట్టే, నోటికొచ్చినట్టు రిపోర్టులు పెట్టేవాడి మాట ఇక్కడ కిందికి జారిపోతుంది. మోసం కేసుల్లో అర్విన్, కలాడిన్ అనే రెండు ప్రోగ్రాములు కూడా ఆటలను పరిశీలిస్తాయి. ఎత్తుకూ ఎత్తుకూ మధ్య పట్టిన సమయం, ఆట మధ్యలో ఆటగాడు ఆ విండో వదిలి వేరే విండోకు ఎన్నిసార్లు వెళ్లాడన్న లెక్క వంటివి పర్యవేక్షకుల ముందు ఉంటాయి. ఆ పర్యవేక్షకుల్లో చాలామంది మనలాగే ఆడుకునే స్వచ్ఛంద సేవకులు. ఖాతాపై వేటు పడితే ఆ ప్రొఫైల్ మీద నిబంధనలు ఉల్లంఘించినట్టు గుర్తు పడుతుంది. అతని చేతిలో ఇటీవల ఓడినవారికి పోయిన రేటింగు పాయింట్లు కొన్ని తిరిగి వస్తాయి. ఆ సందేశం వచ్చిన రోజున మా పిల్లలు చేసే సంబరం ఆట గెలిచినప్పుడు కూడా చేయరు. శిక్ష పడినవారికి అప్పీలు చేసుకునే పేజీ వేరుగా ఉంది.

ఈ ఏర్పాటులో కీలకం ఏమిటంటే, ఆటగాడికి అనుమానం చెప్పే హక్కు ఉంది, తీర్పు చెప్పే హక్కు లేదు. ఈ తేడా ఎంత అవసరమో నేను పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు, నా తప్పు వల్ల తెలుసుకున్నాను. ఒక ఆదివారం మా టోర్నమెంటులో పదమూడేళ్ల అబ్బాయి ఒకడు, రేటింగు 1350 దగ్గర ఉన్నవాడు, తనకన్నా 300 పాయింట్లు పైనున్న ముగ్గురిని వరుసగా పద్నాలుగు ఎత్తుల లోపే ఓడించాడు. కంప్యూటరు విశ్లేషణ తెరిచి చూస్తే కచ్చితత్వం, అంటే అతని ఎత్తులు కంప్యూటరు మెచ్చే ఎత్తులకు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే అంకె, 97 శాతం, 98 శాతం అని చూపించింది. నేను ఇంకేమీ ఆలోచించలేదు. అబ్బాయిని టీమ్ నుంచి తొలగించి, "ఇంజిన్ (ఎత్తులు చెప్పే కంప్యూటరు ప్రోగ్రాము) పెట్టుకుని ఆడేవాళ్లకు ఇక్కడ చోటు లేదు" అని అందరూ చదివే చాట్‌లో రాశాను. మర్నాడు పొద్దున్నే వాళ్ల నాన్నగారు అబ్బాయిని వెంటబెట్టుకుని ఇంటికే వచ్చారు. ఆయన గొంతు పెంచలేదు. అబ్బాయి నోటుపుస్తకం నా ముందు పెట్టి, "ఒక్కసారి చూడండి మాస్టారూ" అన్నారు. ఫ్రైడ్ లివర్ అని పిల్లలు చెప్పుకునే దాడి, నల్ల రాజు పక్కనున్న బంటును గుర్రంతో కొట్టి రాజును బోర్డు నడిమధ్యకు లాగే ఆ పాత వ్యూహం, కొమ్మ కొమ్మగా ఆరు పేజీలు రాసుకున్నాడు. ముగ్గురు ప్రత్యర్థులూ ఒకే ఉచ్చులో పడ్డారు. పుస్తకంలో ఉన్న ఎత్తులే ఆడితే కచ్చితత్వం 98 రాక ఇంకేం వస్తుంది?

సిగ్గుపడవలసిన సంగతి ఏమిటంటే, అతను మోసం చేయలేదనడానికి ఆధారం నా కళ్ల ముందే ఉంది. ఆట ముగిశాక విశ్లేషణ పేజీలో ప్రతి ఎత్తుకు పట్టిన సమయం బొమ్మగా కనిపిస్తుంది. కంఠతా వచ్చిన మొదటి ఎనిమిది ఎత్తులను ఆ అబ్బాయి ఒక్కో సెకనులో ఆడేశాడు. ప్రత్యర్థి దారి తప్పిన చోట ముప్పై సెకన్లు ఆగి ఆలోచించాడు. తేలికైన ఎత్తుకూ కష్టమైన ఎత్తుకూ ఒకే రీతిగా ఏడెనిమిది సెకన్లు తీసుకునేవాడి మీద అనుమానపడాలి గాని, ఇలా తడబడేవాడి మీద కాదు. చిన్న ఆటలో కచ్చితత్వం అంకె దాదాపు ఏమీ చెప్పదన్న ప్రాథమిక విషయం కూడా నేను ఆ క్షణంలో మరిచిపోయాను. అదే చాట్‌లో క్షమాపణ రాశాను, అబ్బాయిని తిరిగి చేర్చుకున్నాను. ఇప్పటికీ ప్రతి ఆదివారం వస్తాడు, ఆడతాడు. చాట్‌లో మాత్రం ఆ రోజు నుంచి ఒక్క మాట రాయలేదు.

లీచెస్ ఫోరంలో, చాట్‌లలో ఒకరి పేరు పెట్టి బహిరంగంగా మోసం ఆరోపణ చేయకూడదన్న నియమం ఉంది. అనుమానం ఉంటే రిపోర్టు పెట్టాలి, ఊరంతా చాటకూడదు. మొదట్లో ఈ నియమం మోసగాళ్లను కాపాడడానికే ఉందని నేను అనుకునేవాణ్ని. నా నిర్వాకం తర్వాత అది ఎవరిని కాపాడుతుందో అర్థమైంది. ఈ జాగ్రత్త మామూలు ఆటగాళ్లకే అవసరమనుకుంటే పొరపాటు. మాజీ ప్రపంచ ఛాంపియన్ వ్లాదిమిర్ క్రామ్నిక్ 2023లో చెస్.కామ్ అనే మరో సైటులోని ఆటగాళ్ల ఫలితాలను తనంతట తానే లెక్కలు వేసి, అనుమానాస్పదమంటూ బహిరంగంగా రాయడం మొదలుపెట్టాడు. అమెరికా గ్రాండ్‌మాస్టర్ హికారు నకమురా వరుస విజయాలపై కూడా ప్రశ్న లేవనెత్తాడు. అన్ని వేల ఆటలు ఆడేవాడికి అలాంటి వరుస ఎప్పుడో ఒకప్పుడు రావడం అసాధ్యమేమీ కాదని ఆ సైటు తన లెక్కలతో జవాబు చెప్పింది. చివరికి అక్కడ అతని బ్లాగును ఆపేసింది. చదరంగం అంత తెలిసినవాడికే అనుమానానికీ నిర్ధారణకూ మధ్య గీత చెరిగిపోతే, విశ్లేషణ బటన్ నొక్కడం నిన్న నేర్చుకున్న నాబోటివాడి సంగతి చెప్పనక్కరలేదు.

అలాగని చూసేవాళ్ల కన్ను ఎప్పుడూ తప్పే చూస్తుందని కూడా అనలేము. కోవిడ్ సహాయ నిధి కోసం 2021 జూన్‌లో విశ్వనాథన్ ఆనంద్ పలువురు ప్రముఖులతో ఒకేసారి ఆడిన ఆన్‌లైన్ ప్రదర్శనలో, ఒక యువ వ్యాపారవేత్త ఆయనను ఓడించాడు. ఆ ఆట మామూలు మనిషి ఆడినట్టు లేదని చూస్తున్న చెస్ అభిమానులే వెంటనే పసిగట్టారు, మర్నాడు ఆ వ్యాపారవేత్త కంప్యూటర్ల సాయమూ, ఆటను విశ్లేషిస్తున్నవారి సాయమూ తీసుకున్నట్టు ఒప్పుకున్నాడు. ప్రేక్షకులు గంట కొట్టారు, తలుపు తీసినవాళ్లు వేరు. నాకు సరైనదిగా తోచిన పద్ధతి అదే.

ఇతర ఆన్‌లైన్ వీడియో గేముల్లో ఈ గీతను చెరిపి చూసిన సందర్భాలు ఉన్నాయి కనుక, పోలిక కోసం రెండు చెబుతాను. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో 2011లో ట్రైబ్యునల్ అనే ఏర్పాటు తెచ్చారు. రిపోర్టులు పడిన ఆటగాడి చాట్ చదివి, శిక్షించాలో క్షమించాలో తోటి ఆటగాళ్లే ఓటు వేసేవారు. మొదట్లో, చివరి తీర్పుతో ఓటు కలిస్తే ఆటలో ఖర్చు పెట్టుకునే పాయింట్లు ఇచ్చేవారు. న్యాయమూర్తికి కేసుకింత అని బహుమతి ఇస్తే అతను ఎంత తొందరగా ఫైలు మూస్తాడో ఊహించడం కష్టం కాదు. 2014లో ఆ ఏర్పాటు ఆగిపోయింది. కౌంటర్-స్ట్రైక్‌లో 2013లో వచ్చిన ఓవర్‌వాచ్ పద్ధతి ఇంకాస్త మెరుగు. అనుభవం ఉన్న ఆటగాళ్లకు ఆట రికార్డింగు పంపేవారు, అనుమానితుడి పేరు కనిపించనిచ్చేవారు కాదు, సందేహానికి తావు లేనంత స్పష్టంగా ఉంటేనే దోషి అనమనేవారు, ఎవరి తీర్పులు ఎంత సరిగ్గా ఉంటాయో చూసి వాళ్ల ఓటుకు బరువు కట్టేవారు. 2023లో కౌంటర్-స్ట్రైక్ 2 విడుదలైనప్పుడు అందులో అది లేదు. ఈ రెంటితో పోలిస్తే లీచెస్ ఆటగాడి చేతికి ఇచ్చింది తక్కువే. ఆ తక్కువ ఇవ్వడంలోనే తెలివి ఉందని నా అభిప్రాయం.

అయితే లీచెస్ తన ఈ జాగ్రత్తను ఒకచోట వదిలేసింది, అది టీమ్. ఎవరైనా టీమ్ పెట్టవచ్చు. లీడరైనవాడు సభ్యులను తొలగించగలడు, టీమ్ ఫోరంలో రాతలను తీసేయగలడు, సభ్యులందరికీ ఒకేసారి సందేశం పంపగలడు, టోర్నమెంట్లు పెట్టగలడు. ఒకరికి మించి లీడర్లు ఉంటే ఎవరికి ఏ అధికారం అన్నది విడివిడిగా పంచుకునే సౌకర్యం ఉంది, అది మంచిదే. కానీ రిపోర్టు పెట్టే ఆటగాణ్ని అంత నిలదీసి అడిగిన సైటు, సభ్యుణ్ని గెంటే లీడరును కారణం ఏమిటని కూడా అడగదు. అప్పీలు పేజీ లీచెస్ తీసుకున్న చర్యలకే గాని, నావంటి లీడరు చేసిన పనికి వర్తించదు. అంత పెద్ద సైటు ప్రతి టీమ్ తగవులోనూ తలదూర్చలేదన్నది నిజమే. అయినా తొలగించే ముందు ఒక వాక్యం రాయించి, ఆ వాక్యం తొలగింపబడినవాడికి కనిపించేలా చేసి ఉంటే, ఆ ఆదివారం నేను ఆ వాక్యం దగ్గరే ఆగి ఉండేవాణ్నని అనుకుంటున్నాను.

విచిత్రమేమిటంటే, అధికారం ఇంత వదులుగా ఉన్న ఈ లీడరు లేకపోతే తెలుగు పిల్లలకు మరో చిక్కు ఉంది. రిపోర్టు ఇంగ్లీషులో రాస్తే త్వరగా పరిశీలిస్తారని ఫారంలోనే రాసి ఉంటుంది. స్వచ్ఛందంగా పనిచేసేవారు ప్రపంచమంతటా ఉన్నప్పుడు అది అర్థం చేసుకోదగిన మాటే. కానీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు తిట్టు, అందులోనూ మన గోదావరి జిల్లాల వెటకారం, ఏ బ్రెజిల్‌లోనో పోలండ్‌లోనో కూర్చున్న పర్యవేక్షకుడికి ఎలా తెలుస్తుంది? "బాగా ఆడావమ్మా" అన్న మాట ఒక అబ్బాయి మరో అబ్బాయిని ఉద్దేశించి రాస్తే అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో చెప్పాలంటే ఇద్దరినీ ఎరిగినవాడు కావాలి. మా టీమ్‌లో ఒకసారి ఇద్దరు పిల్లల మధ్య వాళ్ల ఇంటిపేర్ల మీద, ఆ తర్వాత కులం మీద వేళాకోళం మొదలైంది. ఏ యంత్రమూ పట్టుకోలేని భాషలో సాగిందది. చాట్‌ను ఆ పూటకు ఆపి, ఇద్దరి ఇళ్లకూ విడివిడిగా ఫోన్ చేస్తే పది నిమిషాల్లో సద్దుమణిగింది. అనధికార కాపలాదారు నిజంగా పనికొచ్చేది ఇటువంటి చోటనే. మోసం పట్టుకోవడంలో యంత్రం నాకన్నా మేలు, మాట తీరు పట్టుకోవడంలో నేను యంత్రం కన్నా మేలు.

చిన్నపిల్లల విషయంలో మరో దారి కూడా ఉంది. ఖాతా సెట్టింగుల్లో కిడ్ మోడ్ పెడితే చాట్, సందేశాలు, ఫోరం వంటి మాటల వ్యవహారమంతా మాయమై ఆట మాత్రం మిగులుతుంది. పదేళ్ల లోపు పిల్లలకు నేను తప్పకుండా పెట్టమంటాను. బడుల కోసం క్లాసు అనే ఏర్పాటు వేరుగా ఉంది, అందులో పిల్లల ఖాతాలను టీచరే సృష్టించి చూసుకోవచ్చు. ఆట మధ్యలో చెప్పకుండా వెళ్లిపోవడం, ఓడిపోతున్నామని తెలిసి గడియారం అయిపోయేదాకా ఎత్తు వేయకుండా కూర్చోవడం వంటివాటికి సైటే తాత్కాలిక నిషేధం వేస్తుంది. దానికి మనిషి రిపోర్టు అక్కరలేదు. ఆట మొదట్లో శుభాకాంక్షకు, చివర్లో ధన్యవాదాలకు సిద్ధంగా ఉన్న బటన్లు చూడడానికి చిన్నవే గాని, టైపు చేయడం సరిగ్గా రాని పిల్లలకు మర్యాద అలవాటు చేయడంలో అవి నాకు బాగా ఉపయోగపడ్డాయి.

డబ్బు కడితే అదనపు సౌకర్యాలిచ్చే సైటులతో దీన్ని పోల్చవచ్చా అని ఒకరిద్దరు అడిగారు. పాఠాలు, వీడియోలు, హంగులు కావాలంటే చెస్.కామ్‌లో ఎక్కువ దొరుకుతాయి. కాపలా విషయంలో మాత్రం, ఏ నియమం ఎలా పనిచేస్తుందో కోడు తెరిచి చూసే వీలున్నది లీచెస్‌లోనే కనుక నేను ఇక్కడే ఉన్నాను. ఐదింట నాలుగు మార్కులు ఇస్తాను. కోసేసిన ఆ ఒక్క మార్కు టీమ్ లీడరుకు పగ్గం లేనందుకు, అంటే నావంటివాళ్ల కోసమే.

ఆ లోటును మా వరకు మేమే పూడ్చుకున్నాం. తొలగించే అధికారాన్ని నా దగ్గర నుంచి తీసేసి, ఇప్పుడు ఇంజనీరింగు చదువుతున్న మా పాత విద్యార్థినికి ఇచ్చాను. నాకు ఎవరి మీద అనుమానం వచ్చినా ఆట లింకుతో పాటు కారణం ఆమెకు రాసి పంపాలి, ఆమె మూడు రోజులు ఆగాక చూస్తుంది. ఇప్పటికి పదకొండు పంపాను. తొమ్మిదింటికి "ఇది పుస్తకంలో ఉన్న లైనే మాస్టారూ" అని జవాబు వచ్చింది.